మంగళవారపు అమావాస్య మ్యాచ్

1953 వానాకాలం. అబిడ్స్‌లో ఒక గడియారాల దుకాణం పైన ఉన్న గదిలో మా ఫుట్‌బాల్ సంఘం ఆఫీసు. రెండు బల్లలు, ఒక ఫ్యాను. ఫ్యాను మాణిక్‌రావు బల్ల మీద తిరిగేది. ఆయనకు తగిలి, గోడకు తగిలి, ఇంకా ఏమైనా మిగిలితే ఆ గాలి నా దాకా వచ్చేది.

ఇద్దరి పనీ ఒకటే, ఫిక్స్‌చర్లు వేయడం. అంటే ఏ జట్టు ఏ జట్టుతో, ఏ రోజు, ఏ మైదానంలో ఆడాలో నిర్ణయించి ముందుగా వాళ్లకు తెలియజేయడం. జట్లను మూడు తరగతులుగా విభజించి వాటిని డివిజన్లు అనేవాళ్లం. కింది డివిజన్‌లో ఏడాది చివర అందరికన్నా పైన నిలిచిన జట్టు మరుసటి ఏడు పై డివిజన్‌కు పోతుంది. మొదటి రెండు డివిజన్లూ మాణిక్‌రావువి. మూడోది నాది. నాలుగోది ఉండి ఉంటే అదీ నాదే అయ్యేది.

"ఇందులో పనేముంది, తేదీలు రాయడమే కదా" అని చాలామంది అంటారు. మాణిక్‌రావు విషయంలో అది అక్షరాలా నిజం. ఆయన జట్లన్నీ ఆఫీసులవి. శనివారం ఆఫీసులు ఒంటిపూట, మధ్యాహ్నం నుంచి అందరూ ఖాళీ. ఆయన 'శనివారం' అని రాసి కలం మూసేవాడు. ఆ శనివారానికి మైదానంలో సున్నపు గీతలు, గోలుకు వలలు, పెద్దమనుషులకు కుర్చీలు, పత్రికలో నాలుగు వాక్యాలు. నా మ్యాచ్‌లు వారంలో మిగతా రోజుల్లో, నాంపల్లి స్టేషన్ వెనక మైదానంలో, అక్కడి మేకలను బతిమాలి లేపాక మొదలయ్యేవి.

నాకు మాణిక్‌రావంటే అసూయ అని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. అంత సులువైన సంగతి కాదది. ఆయన వలలంటే వేరే, ఆయన సున్నమంటే వేరే, ఆయన శనివారమంటే వేరే. ఒక్కొక్కదానికీ విడివిడిగా కుళ్లుకునేవాణ్ని. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫ్యాను గురించి.

నా జట్లు చేతిపనుల వాళ్లవి, దుకాణాల వాళ్లవి. వీళ్లలో ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క ఆదివారం. మంగలివాళ్లకు మంగళవారం సెలవు. ఆ రోజు ఎవరూ క్షవరం చేయించుకోరు కనుక దుకాణాలు బందు. అసలు ఆదివారమేమో వాళ్లకు ఊపిరాడదు. వడ్రంగులకు, కమ్మరులకు, కంసాలులకు వారంతో పనిలేదు, అమావాస్యనాడు పనిముట్టు ముట్టరు. అందుకని ఒక చేతిలో క్యాలెండరు, ఒక చేతిలో పంచాంగం పట్టుకుని ఫిక్స్‌చర్లు వేసే గుమాస్తాను దేశంలో నేనొక్కణ్నే అయి ఉంటాను. దీనికి బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

ఆ ఏడు చిక్కు నాంపల్లి వడ్రంగుల జట్టుతో వచ్చింది. అంతా కిషన్ సేట్ కార్ఖానాలో పనిచేసేవాళ్లు. వాళ్ల కెప్టెన్ బ్రహ్మయ్య, మాట నెమ్మది, కాలు గట్టి. మామూలుగా సేటు వాళ్లను సాయంత్రం కొంచెం ముందే వదిలేవాడు. ఆ ఏడు అబిడ్స్‌లో కట్టే కొత్త హోటలుకు తలుపులు, కిటికీలు చేసే ఆర్డరు రావడంతో అది ఆగిపోయింది. ఒక మ్యాచ్‌కు జట్టు రాలేకపోయింది. దాన్ని వాకోవర్ అంటారు. రాని జట్టు ఓడినట్టు, వచ్చిన జట్టు నిలబడినందుకే గెలిచినట్టు. రెండోసారి వాకోవర్ ఇస్తే జట్టు పేరు కొట్టేస్తారు, మళ్లీ చేర్చుకోరు.

"సారూ, ఇంకొక్కటే ఆట మిగిలింది, మంగలోళ్లతోని. అది మా అమావాస్యకు పెట్టున్రి, దండం పెడత" అన్నాడు బ్రహ్మయ్య. "పొద్దుందాక చిత్రిక పట్టుడేనాయె. నెలకొక్కనాడు గీ బంతి. పేరు కొట్టేస్తె ఇగ అమావాస్యనాడు ఇంట్ల పండుకొని దూలాలు లెక్కవెట్టుడే."

మంగలివాళ్ల కెప్టెన్ లింగయ్యకు సుల్తాన్ బజార్‌లో దుకాణం ఉంది. నా గడ్డం కూడా అతని చేతిలోదే. గొంతు మీద కత్తి పెట్టి మాట్లాడే మనిషితో వాదన పెట్టుకోవడం కష్టం.

"మాకు మంగళవారమే సారూ, వేరేనాడైతే రాము. వాళ్లు రాకుంటె రాకపోనీ. గెలుపు ఊకనే వస్తది. మేం పైకి పోతం. శనివారం ఆడుతం, వలలున్నకాడ!"

ఇంకా పైకి పోలేదు, అప్పుడే అతనంటే కూడా నాకు అసూయ పుట్టింది. గడ్డానికి సబ్బు ఉంది కాబట్టి ముఖంలో కనపడలేదు.

పంచాంగం తిరగేశాను. దొరికింది. సీజను ముగిసేలోపు ఒక అమావాస్య మంగళవారం పడింది. ఆ రోజు ఖాయం చేసి అందరికీ చెప్పాను. రెఫరీలే ఒప్పుకోలేదు. ఒక డ్రిల్లు మాస్టారైతే మంగళవారం అమావాస్య అనగానే చెవులు మూసుకున్నాడు. చివరికి జోసెఫ్ మాస్టారు, "అమావాస్యతో నాకు పేచీ లేదు బాబూ, వానతోనే" అని ఒప్పుకున్నారు.

ముందురోజు సోమవారం మధ్యాహ్నం బ్రహ్మయ్య ఆఫీసుకు వచ్చాడు. తల దువ్వుకుని, ఉతికిన అంగీ వేసుకుని ఉన్నాడు. ముఖం మాత్రం ఏడ్చేటట్టు ఉంది.

"ఏంది బ్రహ్మయ్యా, పెండ్లికొడుకు లెక్క వచ్చినవు?"

"సారూ, కొంప మునిగింది. మా సేటు ఇయ్యాలనే అమావాస్య చేసిండు."

తిథి సోమవారం పగలు మొదలై మంగళవారం పగలు ముగుస్తుంది. మన పంచాంగం పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే ఆ రోజే దానిది అంటుంది. కనుక వడ్రంగులకూ, నాకూ మంగళవారం. సేటుది మార్వాడ్. సోమవారం అమావాస్య తగిలితే వాళ్లకు గొప్ప పుణ్యదినం. ఆయన పొద్దున్నే పూజ చేసుకుని, కార్ఖానా మూసి, రేపు పనికి రమ్మన్నాడు. నేను పంచాంగం చూశానే తప్ప, ఎవరి పంచాంగమో చూడలేదు.

ఫ్యాను కింద నుంచి మాణిక్‌రావు నవ్వాడు. "అరె యాద్గిరీ, ఏకంగా అమావాస్యతోనే వాకోవర్ ఇప్పించినవ్ కద!"

మంచి జోకు. నేను వేయవలసింది. దానికీ కుళ్లుకున్నాను.

బ్రహ్మయ్యను వెంటబెట్టుకుని నాంపల్లి నడిచాను. కిషన్ సేట్ మూసిన కార్ఖానా ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా, రోడ్డుకు అవతల, గులాబ్ సేట్ కార్ఖానా.

"సేట్ సాబ్, రేపు ఒక్క సాయంత్రం వీళ్లను వదిలితే చాలు" అన్నాను.

"అరె భాయ్, నెలకు అమావాస్య ఒక్కటే. ఇచ్చిన. రేపు ఇంకోటి అంటరు, ఎల్లుండి పున్నమి అంటరు. హోటలోడు నా కాలర్ పట్టుకుంటడు."

బ్రహ్మయ్య తల దించుకున్నాడు. ఇక లేవాల్సిందే. అప్పుడు గమనించాను. సేటు మాతో మాట్లాడుతూనే మాటిమాటికీ రోడ్డు అవతలికి చూస్తున్నాడు. గులాబ్ సేట్ కార్ఖానాకు కొత్తగా వేసిన రేకుల కప్పును చూస్తున్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. నేను రోజూ ఫ్యాను వైపు చూసే చూపే అది. ఒకే రోగం ఉన్నవాళ్లకు ఒకరినొకరు గుర్తుపట్టడానికి డాక్టరు అక్కర్లేదు.

"పోనీలెండి సేట్ సాబ్" అని లేచాను. "గులాబ్ సేట్ పక్కన మీకొక కుర్చీ వేయిద్దామనుకున్న. తీయిస్త."

"గులాబా? వానికి బంతితోని ఏం పని?"

"ముఖ్య అతిథి."

"ముందటి వరుసలనా?"

"నడిమిట్ల."

సేటు లేచి నిలబడ్డాడు. "నా పోరగాండ్లు ఆడుతుంటె వాడు నడిమిట్ల కూసుంటడా? ఏ బ్రహ్మయ్యా! రేపు పని బందు, పగటికి తిని అటే పోన్రి. హోటలోడు ఆగుతడు తీ. నా కుర్చీ వానికంటె ఇంచు ఎనుక ఉండొద్దు, చెప్తున్న."

బయటికి వచ్చాక బ్రహ్మయ్య మెల్లగా అడిగాడు. "సారూ, గులాబ్ సేట్ వస్తుండని నిజంగ చెప్పిండా?"

"ఇంకా చెప్పలే. రోడ్డు దాటినంక చెప్తడు."

రోడ్డు దాటాం. గులాబ్ సేట్‌కు, కిషన్ సేట్ ముఖ్య అతిథిగా వస్తున్నాడనీ, నడిమిట్ల కూర్చుంటున్నాడనీ చెప్పాను. మాట పూర్తి కాకముందే గులాబ్ సేట్ ఏ రంగు తలపాగా కట్టుకోవాలో ఆలోచనలో పడ్డాడు.

మంగళవారం ఆకాశం తెరిపిచ్చింది. మాణిక్‌రావు రెండు కుర్చీలు అరువిచ్చాడు. వాటిని కాపలా కాయడానికి తనూ వచ్చాడు. ఒక కుర్చీకి చేతులున్నాయి, ఇంకోదానికి లేవు. సేట్లిద్దరూ నిలబడే ఉన్నారు, చేతుల్లేనిదాంట్లో ఎవరూ కూర్చోరు. దానికీ చేతులు తగిలిద్దామంటే, చుట్టూ అంతమంది వడ్రంగులు, ఆ రోజు ఒక్కడూ ఉలి ముట్టడు. హాఫ్ టైము దాకా ఒకరికి, తర్వాత ఇంకొకరికి అని తీర్పు చెప్పాను. సగం ఆటయ్యాక జట్లు వైపులు మారాయి, సేట్లు కుర్చీలు మారారు.

జనం సంగతి నేను అనుకోలేదు. వడ్రంగులకు, కమ్మరులకు, కంసాలులకు సెలవు. మంగలివాళ్లకు సెలవు. అందరి సెలవూ ఒకే సాయంత్రం కలిసింది. మైదానం నిండి, గోడలు నిండి, స్టేషన్ వైపు చెట్లకు మనుషులు కాశారు. మాణిక్‌రావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"నా శనివారానికి గింతమంది రారు మియా."

ఆ మాట కోసం నేను ఎన్నాళ్లు కాచుకున్నానో నాకే తెలుసు. తనివితీరా అనుభవిద్దామనుకునే లోపల ఆయన మిర్చి బజ్జీలు తెప్పించి సగం నాకిచ్చాడు. మనం అసూయపడే మనిషి మనకు బజ్జీ పెట్టకూడదు. నా ఆనందం అక్కడికి సగమైంది.

మంగలివాళ్లు రెండు గోల్సు కొట్టారు, వడ్రంగులు ఒకటి. ఆ ఒకటీ బ్రహ్మయ్యది. వల లేదు కనుక బంతి గోలు దాటి పోయి ఒక మేకను లేపింది, అదే సాక్ష్యం. ఆట ముగిశాక అతను చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఓడితె ఓడినం సారూ. పేరైతే ఉన్నది."

లింగయ్య జట్టు పైకి పోయింది. అతన్ని భుజాల మీద ఎత్తుకుని శనివారం, శనివారం అని అరిచారు. నేను చప్పట్లు కొట్టాను, అంత గట్టిగా కాదు.

మరుసటి ఏడు సీజను మధ్యలో లింగయ్య ఆఫీసుకు వచ్చాడు. మాణిక్‌రావు బల్ల దాటి నేరుగా నా దగ్గరికి. తర్వాతి అమావాస్య సంగతి కనుక్కోవడానికి వచ్చిన బ్రహ్మయ్య అప్పటికే అక్కడ ఉన్నాడు.

"సారూ, శనివారం మా ప్రాణం తీస్తుంది" అన్నాడు లింగయ్య. "ఆఫీసులు ఒంటిపూట ఇడుస్తరు. అందరు గడ్డాలేసుకొని మా దుకాండ్లకే వస్తరు. గా ఆఫీసులోళ్లతోని మేం ఆడాల్నా, వాళ్లకు గీకాల్నా? ఒక వాకోవర్ అయిపాయె. ఇంకోటైతే పేరు కొట్టేస్తరట."

"మాణిక్‌రావు సారును అడిగినవా?"

"అడిగిన. శనివారమని రాసిన కద అన్నడు."

లింగయ్య బ్రహ్మయ్య వైపు చూశాడు. ఓడిపోయి కింద మిగిలిన మనిషిని, గెలిచి పైకి పోయిన మనిషి అలా చూడటం నేనెప్పుడూ చూడలేదు. "నీకేందే, నెలకొక్కటన్న దొరుకుతది" అన్నాడు.

"శనివారమే దొరికింది నీకు. ఇంకేం గావాలె?" అన్నాడు బ్రహ్మయ్య, ఎగతాళేమీ లేకుండా.

వాకోవర్ కాకుండా ఉండాలంటే ఏడుగురు దిగితే చాలని లింగయ్యకు నిబంధన చెప్పి పంపాను. ఆ ఏడంతా దుకాణంలో కొందరు, మైదానంలో ఏడుగురు. ప్రతి ఆటా ఓడారు, పేరు మాత్రం నిలుపుకున్నారు. అడుగున తేలి, మళ్లీ మూడో డివిజన్‌కు దిగారు. అంత సంబరంగా కిందికి దిగిన జట్టు ఇంకోటి లేదు.

అప్పటి నుంచి తేదీ రాసే ముందు రెండు మాటలు అడుగుతున్నాను: మీ దుకాణం ఎప్పుడు బందు, మీ సేటుది ఏ పంచాంగం? మంచి రోజంటూ విడిగా ఏదీ లేదు. ఆడేవాళ్ల చేతులు ఖాళీగా ఉన్నదే మంచి రోజు. ఇది తెలిశాక నా అసూయ పోయిందా అంటే, లేదు. రోజంతా ఉండేది ఇప్పుడు పూటకు తగ్గింది.

లింగయ్యకు మంగళవారాలు రాసిచ్చిన రోజు మాణిక్‌రావు చాలాసేపు మా వైపే చూస్తూ ఉన్నాడు.

"అందరు నీ కాడికే వస్తున్నరేంది యాద్గిరీ?"

"నా దగ్గర శనివారం లేదు కదా సార్" అన్నాను.