చీనీ తోటకు నేను పోసిన నీళ్లు

ఆ రోజుల్లో, అంటే ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, నాకు తెలియనిది ఈ లోకంలో లేదని గట్టి నమ్మకం. బెంగళూరు కంపెనీ వాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమంటే, గార్లదిన్నె దగ్గర మా ఊళ్లో చిన్నాయన ఇంటి వసారాలో కూర్చుని, మంచు పడే దేశాల స్ప్రూస్ అడవులకు జాతకం చెప్పేదాన్ని. స్ప్రూస్ అంటే సూదుల్లాంటి ఆకులుండే పొడవాటి చెట్టు (ఫోటోలో తప్ప నేనెప్పుడూ చూడలేదు). దాని బెరడు కింద ఒక చిన్న పెంకుపురుగు దూరి అడవులకు అడవులే చంపేస్తుంది. నీళ్లు అందిన చెట్టు జిగురు కార్చి పురుగును బయటికి తోసేస్తుంది. ఎండిన చెట్టుకు ఆ శక్తి ఉండదు. ఇవన్నీ కంప్యూటర్‌కు నేర్పి, వచ్చే ఏడు ఏ చెట్లు చస్తాయో ఎర్రరంగులో చూపించడం నా పని.

ఒకరోజు చిన్నాయన, చిన్నమ్మ గుమ్మఘట్టలో పెళ్లికి బయల్దేరారు. "రెండు దినాల్లో వస్తాం. తోట మీద ఒక కన్నేసి ఉండు పాపా" అన్నాడు చిన్నాయన. నేను రెండు కళ్లూ వేశాను, అదే కొంప ముంచింది. చీనీ చెట్లు (బత్తాయినే మా వైపు చీనీ అంటాం) ఆకులు వేలాడేసి, సగం రాల్చేసి ఉన్నాయి. మూడు నాలుగు మొదళ్ల మీద బెరడు తొలిచిన రంధ్రాలు! పరుగున ఇంటికొచ్చి మా మండలం వాన, ఎండ, రాలిన ఆకు అన్నీ కంప్యూటర్‌లోని ఆ స్ప్రూస్ లెక్కకే ఇచ్చి చూస్తే తోటలో ఒక్క పచ్చచుక్క లేదు. అంతా ఎరుపే. (మా వాన లెక్క ప్రకారమైతే అనంతపురంలో మనుషులు కూడా బతికి ఉండకూడదు. ఆ ఆలోచన నాకప్పుడు రాలేదు.) ఫోన్ చేస్తే, పెళ్లి మేళాల మోతలో చిన్నాయన ఎత్తలేదు. ఆ తోట కాపు మీదే వాళ్ల ఇల్లు గడిచేది. పొద్దున కరెంటు రాగానే బోరు స్విచ్ వేసి, మళ్లీ కరెంటు పోయేదాకా డ్రిప్పు వదిలాను. రెండో రోజూ అంతే.

మూడో రోజు చిన్నాయన తోటలో అడుగుపెట్టగానే చెప్పు బురదలో కూరుకుపోయింది. అలాగే నిలబడిపోయాడు.

"ఎవరు ఇడిసినారు నీళ్లు?"

"నేనే చిన్నాయనా! చెట్లు చచ్చిపోతాండాయి. పురుగు పట్టినాది."

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. "అయ్యో పాపా! నేనే కదా బెట్టకు ఇడిసింది! నీళ్లు ఆపి ఎండబెడితేనే కదా చీనీకి పూత వచ్చేది! ఇంకో వారం ఆగింటే నేనే ఇడుస్తాంటి."

"మరి ఆ బెజ్జాలు?"

"అవి ఏటా ఉండేవే. కమ్మీతో పొడిచి మందు పెడితే పోతాది."

పుట్టినప్పటి నుంచి ఆ తోట చీనీకాయలు తింటున్నాను. పూత ఎలా వస్తుందో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

కొన్నాళ్లకు చెట్లన్నీ నిగనిగలాడే చిగురు వేశాయి. పూత మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. పైపు పూడుకుపోయి నా నీళ్లు అందని చివరి సాలుకు చిన్నాయన వారం ఆగి తడి ఇచ్చాడు. అదొక్కటే తెల్లగా విరగబూసింది. "నీ చేతికి అందని చెట్లే పూసినాయి చూడు పాపా" అని నవ్వి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఏడు కాపు పోయినా, ఆయన ఎవరికీ నా పేరు చెప్పలేదు.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. తెరమీద అడవి ఎర్రగా కనబడితే, ముందు అక్కడి మనిషికి ఫోన్ చేయమంటాను (చాటుగా నవ్వుకుంటారని తెలుసు). చిన్నాయన కూడా ఏటా మరిచిపోకుండా నాకు ఫోన్ చేస్తాడు: "పాపా, ఈపొద్దు నుంచి తోట ఎండబెడతాండా. నీ కంప్యూటర్‌కు చెప్పు, గాబరా పడొద్దని."

"చెప్తాలే చిన్నాయనా" అంటాను. ఫోన్ పెట్టేశాక, బోరు స్విచ్ దగ్గరికి పరుగెత్తిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, తోట మీద ప్రేమకేం లోటు లేదు. ఒక్క మాట అడగడమే తెలియలేదు.