కుట్టిపెట్టిన ఏడో గది

మొన్న పొద్దున సిరిసిల్ల నుంచి మా అన్న ఫోన్ చేసి, తన ఫోన్ పాడైనట్టుంది, ఒకసారి నన్ను చేసి చూడమన్నాడు. చేశాను. మొదటి మోతకే ఎత్తాడు. “మోగుతున్నదే చెల్లె,” అని, “గట్లయితె ఎవ్వలూ చేస్తలేరన్నట్టు,” అన్నాడు. కోరుట్లలో నా వంటింట్లో పాలు పొంగిపోతున్నా పొయ్యి కట్టేయడానికి చెయ్యి రాలేదు. ఆ ఫోన్ మూగబోవడానికి కారణం నేనే మరి.

ఈ సంగతి చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి. కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులవి, నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా చిన్నమామ కోరుట్లలో చిన్న ప్రెస్సు నడిపేవాడు. పెళ్ళిపత్రికలూ కరపత్రాలూ టైపు చేసి పేజీలు కట్టడం నా పని. అన్న సిరిసిల్లలో చీరల అంచులకు గళ్ళకాగితం మీద డిజైన్లు గీసేవాడు. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు భివండిలో మగ్గాల మీద పనిచేసినప్పుడు, పక్క గదివాళ్ళు చుట్టూ కూర్చుని ఆడే ఒక ఆట నేర్చుకొచ్చాడు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు, ఏం చేస్తారో ఎవరికి వారే చెబుతారు, అది జరిగేదీ లేనిదీ పాచిక తేలుస్తుంది. గెలుపూ ఓటమీ లేని ఆటేమిటని మొదట నవ్విన మామ, ఒక ఆదివారం ఆటలో కూర్చుని అన్నం సంగతే మరిచిపోయాడు. దీన్ని పుస్తకంగా వేద్దామన్నది కూడా ఆయనే.

పుస్తకం పేరు ఏడు గదుల ఇల్లు. మల్యాల దాటాక పెద్దవానకు బస్సు ఆగిపోతే, నలుగురు ప్రయాణికులు గుట్ట కింద ఒక పాత ఇంట్లో తలదాచుకుంటారు, ఒక్కో గదీ తెరుచుకుంటూ పోతారు. ఆ ఇంటి పటాలన్నీ అన్న తన గళ్ళకాగితం మీదే గీశాడు కనుక, ఎంత వద్దనుకున్నా గోడల మూలల్లో నెమళ్ళూ మామిడి పిందెలూ వచ్చి కూర్చున్నాయి. చివరిదైన ఏడో గదికి రెండే పేజీలు. వాటిని మా వదిన కుట్టేసేది. మగ్గాలకు కండెలు చుట్టే మనిషి, చుట్టగా మిగిలిన ఎర్రనూలు దాచిపెట్టి, ప్రతి పుస్తకంలోనూ ఆ రెండు పేజీల అంచులు కలిపి సూదితో కుట్టి, నేతవాళ్ళ ముడి వేసేది. ఆరు గదులూ దాటినవాళ్ళే ఆ దారం కోయాలి. కథ చెప్పేవాళ్ళు సైతం ముందుగా చూడకూడదు. చాలా ఇళ్ళలో కోయడానికి బీడీలు చుట్టే చాటలోని కత్తెరే దిక్కు. జగిత్యాల బస్టాండు దగ్గరి కొట్టులో ఒకతను కొన్నచోటే నిలబడి గోటితో కుట్టు ఊడదీయబోతే, కొట్టాయన చేతి మీద ఒక్కటిచ్చాడని మామ చెప్పిందే చెప్పి నవ్వేవాడు. వదిన మాత్రం నవ్వేది కాదు. “తొందరపడ్డోనికి ఏం దొర్కుతది, రెండు కాయిదాలు,” అనేది.

తర్వాత వదిన పోయింది. మళ్ళీ అచ్చు వేసే మాట అన్న ఎత్తలేదు, మామ ప్రెస్సూ మూతపడింది. ఏళ్ళు గడిచాక, జగిత్యాలలో ఉద్యోగం చేసుకునే మా మేనకోడలు, అన్న కూతురు, ఆ పుస్తకాన్ని డిజిటల్‌గా తెద్దామని పట్టుబట్టింది. “అత్తా, ఫోన్ల పెడితె ఏ ఊరోళ్ళన్న సదువుకుంటరు. నువ్వు పేజీలు కట్టు, మిగిలింది నేన్ చూస్కుంట,” అంది. పాత పని మళ్ళీ చేతికొచ్చిందని నేనూ పొంగిపోయాను. తీరా పాత ఫైలు తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతలు. ఆనాటి ఫాంట్లను ఈనాటి యంత్రాలు గుర్తుపట్టవట. పాత ప్రూఫులు ముందేసుకుని మొత్తం మళ్ళీ టైపు చేశాను. గది పేరు మీద వేలు పెడితే ఆ గదిలోకి వెళ్ళేట్టు కూర్చాను. ఏడో గది దగ్గరికొచ్చేసరికి ముగ్గురమూ ఆగిపోయాం. “ఫోన్ల దారమెట్ల కుడ్తరు?” అన్నాడు అన్న. ఆయన దగ్గర ఒకే ఒక్క ప్రతి మిగిలి ఉంది, కుట్టు విప్పనిది. దాన్ని అలాగే ఫొటో తీసి ఆ చోట పెట్టి, ఇక్కడిదాకా వచ్చినవారు ఫోన్ చేయండి అని కింద అన్న నంబరు వేశాం.

నమ్మండి, ఫోన్లు వచ్చాయి. రుద్రంగి నుంచి, బోయినపల్లి నుంచి, మేం పేరు కూడా వినని ఊళ్ళ నుంచి. అన్న తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయి మాట్లాడేవాడట. ఫోన్ చేసినవాళ్ళకు ఏడో గది అన్నే చెప్పేవాడు. అందులో నిధీ లేదు, దయ్యమూ లేదు. ఒక ముసలామె కండెలు చుట్టుకుంటూ ఉంటుంది, లోపలికి వచ్చిన ప్రతివాళ్ళనూ, దారిలో ఎవరిని విడిచిపెట్టి వచ్చావని అడుగుతుంది. మిగతాది వచ్చినవాళ్ళే చెప్పాలి. వాళ్ళు చెప్పేవాళ్ళు, ఆయన వినేవాడు. వదిన పోయాక ముక్తసరిగా మాట్లాడే మనిషి, ఎవరెవరో ఏమేం చెప్పారో నాకు గంటలకొద్దీ చెప్పేవాడు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు నా ప్రాణం ఉసూరుమంటుంది.

పాడుచేసింది నేనే. నెట్‌లో పుస్తకం అమ్మే చోట కొన్నవాళ్ళు కొందరు, పేజీలు తక్కువున్నాయి, ఫైలు సగమే ఉంది అని రాశారు. ఒకసారి పెళ్ళిపత్రికలో మేనమామ పేరు జారిపోయినందుకు ఊరంతటితో మాటపడ్డదాన్ని, పేజీలు తక్కువంటే నాకు నిద్రపడుతుందా? ఎవరినీ అడగకుండా ఆ రెండు పేజీలూ చేర్చి కొత్త ఫైలు పెట్టేశాను. నంబరు తీయలేదు; కానీ చదివేశాక ఇంకెవరు చేస్తారు? అన్నకు శ్రమ తప్పించానని కూడా అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. చెబితే, “మంచిగనే చేసినవ్ తియ్ చెల్లె,” అన్నాడు. ఆ మాట ఎంత చప్పగా ఉందో అప్పుడు నాకు వినిపించలేదు.

మొన్న పాలగిన్నె దించి, అన్నకు మళ్ళీ ఫోన్ చేశాను. “అన్నా, ఆరు గదులు దాటొచ్చిన. ఏడో గదిల ఏమున్నది?” అన్నాను. నవ్వుతాడనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు. వాన చెప్పాడు, తలుపు చెప్పాడు, తిరిగే రాట్నం చెప్పాడు. తర్వాత ముసలామె గొంతుతో, “దారిల ఎవల్ని ఇడిసిపెట్టొచ్చినవ్ బిడ్డా?” అని అడిగాడు. ఆ వాక్యాన్ని రెండుసార్లు టైపు చేసినదాన్ని, ఎన్నిసార్లు ప్రూఫు చూశానో తెలియదు, కానీ అప్పటిదాకా నన్నెవరూ అది అడగలేదు. “మా వదినను,” అన్నాను. “చెప్పు బిడ్డా,” అన్నాడు, అదే గొంతుతో.

ఆ రెండు పేజీలూ తీసేద్దామని మేనకోడలిని అడిగాను. “ఇప్పటికే దించుకున్నోళ్ళ ఫోన్లకెల్లి ఎట్ల తీస్తవ్ అత్తా?” అంది. నిజమే. పుస్తకం ఇప్పుడు ఎవరికైనా, ఏ ఊళ్ళోనైనా, మొదటి నుంచి చివరి దాకా ఒక్క క్షణంలో దొరుకుతుంది, అది మంచిదే, కాదనను. కాకపోతే ఒకచోట ఆగి, అవతలి మనిషిని అడగవలసిన పని ఉండేది, అది లేకుండా పోయింది. తెరవని ఏడో గది ఇక ఒక్కటే మిగిలింది, సిరిసిల్లలో మా అన్న బీరువాలో, వదిన వేసిన ఎర్రనూలు ముడితో.