పట్టుకుని లేచింది లెక్కలోకి రాదు

నిడదవోలులో మా వీధిలోనే ఉండే డ్రిల్లు టీచరు గారు మొన్న సోమవారం పోయారు. పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పింది. “ఎక్కడైనా పడ్డారా?” అని అడిగాను. అడిగాక సిగ్గేసింది. టీచరు గారు పడే మనిషి కాదు. గుండె ఆగిందట.

స్కూల్లో నాకు డ్రిల్లు చెప్పింది ఆవిడే. నేర్చుకున్నానంటే మాత్రం అబద్ధమే, తలనొప్పి వంకతో నీడపట్టున కూర్చున్నదే ఎక్కువ. రిటైరయ్యాక కూడా ఆవిడ మెడలో ఈల తియ్యలేదు. దూరంగా పోతున్న కూరల బండిని ఆ ఈలతోనే ఆపేవారు.

పదేళ్ల కిందట మా అమ్మ పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక డాక్టరు గారు ఎముకలు పలచబడ్డాయని, బిళ్లలు వేసుకోమని, ఒంటికి బలం వచ్చే వ్యాయామం చెయ్యమని అన్నారు. అమ్మ బిళ్లల దాకా విని ఊరుకుంది. కింద కూర్చుంటే లేవలేనని భయం పట్టుకుంది. దేవుడి గదిలో పీట తీయించి కుర్చీ వేయించుకుంది. “మీకు బరువు కాకుండా పోతే చాలే” అనేది. ఆఫీసుకి వెళ్తూ రోజూ ఆ మాట వినేదాన్ని. ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం టీచరు గారు రెండు ఖాకీ సంచులు పట్టుకొచ్చారు. పాత గుడ్డతో కుట్టి, ఎదురింటివాళ్లు ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుక నింపారు.

“బరువు కాకూడదంటే బరువెత్తాలండి, వదినగారూ.”

“ఈ వయసులో నాకు కసరత్తులేంటండి, నలుగురూ నవ్వరూ?”

“నవ్వనివ్వండి. నవ్వినవాళ్లకీ ఓ జత కుట్టిస్తాను.”

రోజు విడిచి రోజు వచ్చేవారు. సంచులు పైకెత్తి దించడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పదేసిసార్లు. అమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుందా, ఈల మోగేది. “పట్టుకుని లేచింది లెక్కలోకి రాదండి.” తేలికయ్యాక ఇంకో గుప్పెడు ఇసుక పోసేవారు. ఒకసారి అమ్మ దొంగతనంగా కాస్త ఇసుక తీసి తులసికోటలో పోసేసింది. టీచరు గారు సంచి చేత్తో తూచి, తులసికోట వైపు చూశారు.

తిండి దగ్గర ఇంకా గొడవ. చిమ్మిలి తినమన్నారు. నువ్వులూ బెల్లమూ కలిపి దంచే ఆ ఉండలు మా వైపు పెద్దమనిషైన పిల్లలకి పెడతారు.

“నాకు చిమ్మిలేంటండీ? ఇంట్లో ఈడొచ్చే మనవరాల్ని పెట్టుకుని.”

“అప్పుడు ఎముక కట్టుకోడానికి పెట్టారు. ఇప్పుడు ఉన్నది నిలుపుకోడానికి తినండి.”

మరో ఆదివారం మధ్యాహ్నం వచ్చి అమ్మ కంచం చూశారు. అందరికీ వడ్డించాక మిగిలిన చారు, పల్చటి మజ్జిగ. “పప్పేదండి?” అన్నారు. అమ్మ నా వైపు చూసింది. ఇన్నేళ్లలో నేను ఆ కంచం వైపు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి పప్పూ గట్టి పెరుగూ ముందు అమ్మకి వడ్డించాకే నేను తింటున్నాను. అది నేర్పినందుకు టీచరు గారికి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు.

ఎన్ని నెలలు పట్టిందో గుర్తులేదు. ఒక రోజు దేవుడి గదిలోంచి కుర్చీ బయటికొచ్చింది, పీట లోపలికెళ్లింది.

నన్ను కూడా పిలిచేవారు. “నువ్వెప్పుడొస్తావే?” అంటే, “ఆఫీసులో ఏడాది లెక్కలున్నాయి, ఈ మార్చి వెళ్లనీండి, టీచరు గారూ” అనేదాన్ని. పది మార్చిలు వెళ్లాయి. ఇంకొక్కసారి పిలిస్తే బాగుండునని ఉంది. ఈసారి వంక పెట్టను.

సోమవారం అమ్మా నేనూ వెళ్లాం. టీచరు గారిని వసారాలో పడుకోబెట్టారు. అమ్మ పక్కనే నేలమీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను అమ్మ వెనక గోడవారగా కూర్చున్నాను. ఇక వెళ్దామని, నా భుజం పట్టుకుని లేవమన్నాను. వద్దంది. ముందుకి వంగి, ఒక మోకాలు ఆన్చి, ఎవర్నీ పట్టుకోకుండా లేచి నిలబడింది.

“ఇది లెక్కలోకి వస్తుందాండీ, టీచరు గారూ?” అంది.

నేను గోడ పట్టుకుని లేచాను. పైన మేకుకి ఆవిడ ఈల వేలాడుతోంది. అది మోగుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.