సార్ లేరా అమ్మా?

బోర్డు రాయించడంలోనే తప్పు జరిగింది. "ఇళ్ళ ప్లానులు గీయబడును" అని రాయించాను. మా నందిగామలో బోర్డులన్నీ అలాగే ఉండేవి మరి. జాకెట్లు కుట్టబడును, పిండి ఆడబడును, పంక్చర్లు వేయబడును. ఎవరిచేత గీయబడునో కూడా రాయించాలని నాకు తట్టలేదు. దాంతో ఆ బోర్డు చూసి గుమ్మం ఎక్కిన ప్రతి మనిషీ నన్ను దాటి లోపలికి తొంగిచూసి ఒకటే ప్రశ్న వేసేవాడు.

"సార్ లేరా అమ్మా?"

సార్ ఉన్నారు. వత్సవాయి హైస్కూల్లో సోషల్ చెప్తారు. పొద్దున ఎనిమిదింటి బస్సుకి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వస్తారు. ఆయన మా ఆయన. స్కేలు పెట్టి కూడా తిన్నగా గీత గీయలేరు. బోర్డు మీద ఆయన వేసే భారతదేశం పటం గుత్తివంకాయలా ఉంటుందని పిల్లలే చెప్పుకునేవారు. సివిల్ డిప్లొమా చేసింది నేను. మూడేళ్ళు టీ స్క్వేరు చంకన పెట్టుకుని పాలిటెక్నిక్‌కి వెళ్ళింది నేను. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి!

ఇది తొంభైల మధ్యలో మాట. అప్పుడు మా ప్రాంతంలో ఎక్కడ చూసినా సిమెంటు లారీలే, ఎక్కడ చూసినా పునాదులే. ఇన్ని ఇళ్ళు లేస్తుంటే ప్లాన్లు గీసేవాళ్ళకి పనికి కొదవేమిటి అనుకున్నాను. వీధి వైపు గదిలో డ్రాయింగు బల్ల వేసుకుని కూర్చున్నాను. ఏడాది గడిచింది. "సార్ లేరా" అన్నవాళ్ళు వచ్చారు, నేనే గీస్తానంటే "అలాగా, మళ్ళీ వస్తాంలే" అని వెళ్ళారు. ఒక్కరంటే ఒక్కరు మళ్ళీ రాలేదు.

మా ఆయన కన్ను ఆ గది మీద పడింది. పదో తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తానన్నారు. "ఊరికే ఖాళీగా ఉంటోంది కదా" అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

"ఖాళీగా ఎక్కడుంది? నేనున్నాగా అందులో."

"సరే, జూన్లో బడులు తెరిచేదాకా చూద్దాం. ఈలోపు నిన్ను అడుగుతూ ఒక్క మనిషి వచ్చినా గది నీదే. నన్ను కాదు, నిన్ను."

ఆయన సరదాకి అన్నారేమో నాకు తెలీదు. నేను సరదాగా తీసుకోలేదు. ఆ రోజు సంక్రాంతి సెలవుల తర్వాతి సోమవారం. నా చేతిలో ఉన్నవి నాలుగున్నర నెలలు.

ఇక చెప్పులరిగేలా తిరిగాను. కరపత్రాలు అచ్చు వేయించి పేపర్లలో పెట్టించాను. వాటికి వచ్చిన ఫలితం ఏమిటంటే, వారం తర్వాత గాంధీబొమ్మ దగ్గర బజ్జీలు కొంటే నా కరపత్రంలోనే చుట్టి ఇచ్చాడు. "ఆధునిక పద్ధతిలో" అన్న చోట నూనె బాగా పీల్చింది. సిమెంటు కొట్టుకి వెళ్ళి షావుకారు గారికి నా కార్డులు ఓ యాభై ఇచ్చాను. పెద్దాయన కళ్ళజోడు పైకి జరుపుకుని చదివి, "బాగా చదూకున్నావమ్మా. మంచిది. ఓసారి సార్ని పంపించు, మాట్లాడదాం" అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా పని. మేస్త్రీలనైతే అడక్కపోవడమే మేలు. ఎవరిని కదిలించినా ఒకటే సమాధానం. "కాగితం ఎందుకండీ? స్థలంలో ముగ్గు పోస్తాం కదా, అదే ప్లాను."

ముగ్గు పోయడమంటే ఇంటి ముందు వేసే ముగ్గు కాదు. మేకులు పాతి, పురికొస లాగి, దాని వెంబడి సున్నప్పొడితో గోడలు ఎక్కడ వస్తాయో నేల మీద గీత పోస్తారు. ఆ గీత వెంట పునాది తవ్వుతారు. జగ్గయ్యపేట మునిసిపాలిటీలో ఫైల్లోకి ఒక కాగితం కావాలి కాబట్టి ఎవరి దగ్గరో ఒకటి గీయించి పెడతారు. ఆ తర్వాత ఆ కాగితం మొహం ఎవరూ చూడరు. ఇల్లంతా మేస్త్రీ గారి ముగ్గులోనే ఉంటుంది.

ఏప్రిల్లో ఒక జంట వచ్చారు. ఆయనకి ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, జగ్గయ్యపేటలో తూర్పు వీధి స్థలం కొన్నారు. ఆయన యథాప్రకారం "సార్ లేరా" అన్నాడు. ఆరింటికి వస్తారన్నాను. సరే ఉంటామని కుర్చీలో కూర్చుని పేపరు తీశాడు. ఈలోగా ఆవిడ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. కాఫీ కలుపుతుంటే గట్టుకి ఆనుకుని నిలబడి మెల్లగా చెప్పింది.

"మా క్వార్టర్స్‌లో పొయ్యి ముందు గోడేనండి. పదేళ్ళ నుంచి ఆ గోడతోనే మాట్లాడుకుంటన్నా. వీధి కనపడేట్టు ఒక్క కిటికీ పెట్టమని సార్‌తో చెప్తారా?"

సార్‌తో చెప్పడమేమిటి నా మొహం! వాళ్ళు స్థలం కొలతలు ఇచ్చి వెళ్ళాక ఆ రాత్రే గీశాను. ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పు గోడకి పొయ్యి గట్టు, గట్టు పక్కనే వీధి వైపు కిటికీ. అందరూ ఆ గోడ ముందే మెట్లు పెడతారు కాబట్టి మెట్లని తీసుకెళ్ళి నైరుతి వైపు పెట్టాను. గోడలూ కొలతలూ అన్నీ మూడు రోజుల్లో సరిచూసి సిద్ధం చేశాను. ఆదివారం ఆయన ఒక్కడే వచ్చాడు. నేను విప్పి చూపిస్తూ చెప్పింది మర్యాదగా విన్నాడు. విని, చుట్ట చుట్టి, పట్టుకెళ్ళి వరండాలో పేపరు చదువుకుంటున్న మా ఆయన చేతిలో పెట్టాడు.

"ఓసారి చూడండి సార్, కరెక్టేనా?"

మా ఆయన విప్పారు. కింద నుంచి పైకి చూశారు. పై నుంచి కిందికి చూశారు. "కరెక్టే" అన్నారు.

ఆ మనిషి మెట్లు దిగేదాకా ఆగి అడిగాను. "మీకేం తెలుసని కరెక్టే అన్నారు?"

"మరి తప్పని చెప్పమంటావా?"

పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన అది గమనించారో లేదో కూడా తెలీదు. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. నాకు ఇంట్లోనే దిక్కు లేదు.

మే నెలాఖర్లో ముగ్గు పోస్తున్నారని తెలిసి, మనసు ఆగక బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాను. నన్ను చూడగానే ఆ ఫ్యాక్టరీ ఆయన, "మీరొచ్చారేంటండీ, సార్ రాలేదా?" అన్నాడు. పళ్ళు కొరుక్కుని స్థలంలోకి నడిచాను. సగం ముగ్గు అప్పటికే పోసేశారు. అది నా ఇల్లు కాదు. మెట్లు తూర్పు గోడ ముందే ఉన్నాయి. వంటిల్లు అగ్గిపెట్టెలా ఉంది. నా ప్లాను మేస్త్రీ గారి చొక్కా జేబులో నాలుగు మడతల్లో, బీడీకట్ట వెనక ఉంది.

"ఇదేంటి మేస్త్రీ గారూ? కాగితం తీసి చూశారా అసలు?"

"చూశాన్లేమ్మా. సార్ బానే గీశారు. కాగితం మీద ఎట్టా గీసినా బానే ఉంటది. ఈ వీధిలో పదిళ్ళు కట్టా, అన్నిట్లో మెట్లు ఇక్కడే. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారంట."

"మీ ఇంటావిడకి ఏం కావాలో మీకు తెలీదా?" అని ఆయన వైపు తిరిగాను. ఆయన మేస్త్రీ వైపు చూశాడు. ఆవిడ చెట్టు నీడలో నిలబడి ఆ గీతల్ని చూస్తోంది. తన వంటిల్లు ఎటు పోయిందో ఆవిడకి అర్థం కాలేదు. కాగితం మీదైనా అర్థమయ్యేది కాదని అప్పుడు తట్టింది నాకు. అసలు కాగితం ఆవిడకి ఎవరూ చూపించనే లేదు.

నాకు తిక్క రేగింది. చెప్పులు విప్పాను. చీర కుచ్చెళ్ళు ఎగదోపాను. మెట్ల గీతని కాలితో చెరిపేశాను. మేస్త్రీ "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. సున్నం డబ్బా ఆయన చేతిలోంచి లాక్కున్నాను. కొలతలకి టేపు పట్టుకోమని ఇంటాయనకే ఇచ్చాను. గీతకి మాత్రం పురికొస అక్కర్లేదు. ఎనిమిదో ఏటి నుంచి రోజూ పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసినదాన్ని. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నుంచి సున్నం జారవిడుస్తూ ఈ చివర నుంచి ఆ చివరికి గోడ పోశాను. వంకర లేదు. గోడలతో ఆగలేదు. పొయ్యి గట్టు పోశాను, తొట్టి పోశాను, తలుపు ఎటు తెరుచుకుంటుందో పోశాను, కిటికీ పోశాను. ఏ మేస్త్రీ పోసే ముగ్గులోనూ ఇవన్నీ ఉండవు.

"రండమ్మా, మీ వంటింట్లోకి రండి" అని ఆవిడని పిలిచాను.

ఆవిడ గీత దాటలేదు. తలుపు ఉన్నచోటు వెతుక్కుని అందులోంచే లోపలికి వచ్చింది. గట్టు ముందు నిలబడింది. చేతులు చాపి చూసుకుంది. కిటికీ వైపు తిరిగింది.

"ఇక్కణ్ణుంచి వీధి కనపడుద్దా అండి?"

"కనపడుద్ది. చూడండి."

నిజంగానే కనపడుతోంది. పక్కింటావిడ బిందెతో ఆగి, "ఏంటొదినా, ఉత్త నేల మీద నిలబడి నవ్వుతన్నావ్?" అంది. ఆవిడ "ఉత్త నేలేంటి, నా వంటింట్లో ఉన్నా" అని భర్త వైపు తిరిగి, "మెట్లు ఎనక్కే" అంది. ఆ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఆయనకీ లేకపోయింది, మేస్త్రీకీ లేకపోయింది. కాసేపటికి వీధిలో ఆడవాళ్ళు అరడజను మంది ఆ గట్టు ముందు వంతులవారీగా నిలబడి చూసి వెళ్ళారు. మేస్త్రీ మాత్రం బీడీ వెలిగించుకుని అటు తిరిగి కూర్చున్నాడు. సాయంత్రం బస్సులో వస్తుంటే వేళ్ళు సున్నానికి పగిలి మండుతున్నాయి. ఇంత చేసినా ఆ ఇంటాయన వీడ్కోలు చెప్పేటప్పుడు ఏమన్నాడంటే, "సార్‌ని అడిగానని చెప్పండమ్మా" అన్నాడు.

బడులు తెరిచే ముందు రోజు మా ఆయన రెండు బెంచీలు తెచ్చి వరండాలో దింపారు. నేను డ్రాయింగు షీట్లన్నీ చుట్టి గోనెసంచీలో పెడుతున్నాను. ఏడుపు వస్తోంది, చెప్పడానికి సిగ్గెందుకు? బల్ల ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. మంచం కింద పట్టదు.

అప్పుడు వాకిట్లో ఆటో ఆగింది. ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. వాళ్ళని నేను ఎప్పుడూ చూడలేదు. వరండాలో బెంచీ జరుపుతున్న మా ఆయన అలవాటుగా నిటారుగా నిలబడి, సార్ మొహం పెట్టారు.

"చెప్పండమ్మా."

వాళ్ళు ఆయన్ని దాటి లోపలికి తొంగిచూశారు.

"ముగ్గులావిడ లేరా అండీ?"

ముగ్గులావిడ! మూడేళ్ళ డిప్లొమా, ఫస్ట్ క్లాసు, ఏడాది పాటు బోర్డు, పేపరు పేపరుకీ కరపత్రం. చివరికి నాకు దక్కిన పేరు ముగ్గులావిడ. నవ్వాలో తల బాదుకోవాలో తెలియక సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాళ్ళలో పెద్దావిడ చెప్తోంది, జగ్గయ్యపేటలో వాళ్ళ ఆడపడుచు వంటింటి గట్టు ముందు నిలబడి చూసిందట, వీళ్ళకీ స్థలం ఉందట, ముందు ముగ్గు పోసి చూపించాలట, ఆ తర్వాతే కాగితమట.

మా ఆయన నా వైపు చూశారు. గోనెసంచీ వైపు చూశారు. తర్వాత వంగి, అప్పుడే దింపిన బెంచీని ఒక కొస పట్టుకుని ఈడ్చుకుంటూ మళ్ళీ వాకిట్లోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. మాట మీద నిలబడే మనిషి, అది ఒప్పుకోవాలి.

చిన్నావిడ ఆయన కోసం పక్కకి జరిగి, గొంతు తగ్గించి నన్ను అడిగింది.

"ఆయనెవరండీ? మీ దగ్గర పని చేస్తారా?"

"మా సారండి" అన్నాను. "ఏది చూపించినా కరెక్టే అంటారు. ప్లాను సంగతి మాత్రం నన్నడగండి. లోపలికి రండి."