పోయిరా అనొద్దన్న మాస్టారు

పటాలం ఆసుపత్రిలో పని కుదిరి వరంగల్ స్టేషన్‌లో రైలెక్కుతూ "పోతున్ననే అమ్మా" అన్నాను. అమ్మ ముఖం మాడిపోయింది. "జర మంచిగ మాట్లాడు బిడ్డా. పోతున్న అంటరా? పోయొస్త అను" అంది. ఆ మాట నా నోటితో అనిపించుకునేదాకా కిటికీ వదల్లేదు. మా వాడలో పక్కింటికి వెళ్లేవాణ్ని కూడా పో అనరు. పో అనేది కుక్కనే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మా పటాలాన్ని జపాన్ పంపారు. రేవు పక్కనే మా ఆసుపత్రి. జపాన్‌వాళ్లు గనుల్లో చాకిరీకి బలవంతాన పట్టుకొచ్చిన కొరియావాళ్లు, ఇంటికి తీసుకెళ్లే ఓడ కోసం అక్కడ పడిగాపులు పడేవారు. సగంమంది రోగులే. నొప్పి ఎక్కడో చెప్పినా, దాహమని ఏడ్చినా మాకు అర్థమయ్యేది కాదు. డాక్టరు దొర విసిగిపోయి, సాయంత్రాలు వాళ్ల భాష నేర్చుకుని చావమన్నాడు.

పాఠం చెప్పిందీ ఒక రోగే. మిషన్ బడిలో చదివాడట, కాస్త ఇంగ్లీషు వచ్చు. బొగ్గు గని ఊపిరితిత్తుల్ని తినేసింది. మందుల గదిలో ఖాళీ డబ్బాల మీద కూర్చుని మేం ఓనమాలు దిద్దాం. ముల్ అంటే నీళ్లు. మా నాలుకలు తిరక్కపోతే ఆయనకు నవ్వొచ్చేది, నవ్వితే దగ్గొచ్చేది, దగ్గితే రుమాలు ఎర్రబడేది. తన ఊళ్లో, తన ఇంట్లో చావాలని ఆయన కోరిక. మొదటి రోజే చెప్పాడు. జాలిపడమని కాదు, రోగమని ఓడ ఎక్కనివ్వకుండా ఆపొద్దని.

ఒకరోజు అడిగాను, ఓడెక్కేవాళ్లతో పోయిరండి అనాలంటే ఎలాగని. ఆయన నా ముఖంలోకి చూశాడు.

"మళ్లీ ఇక్కడికా?"

అది మా వైపు మర్యాద అని విప్పి చెప్పాను.

"ఆ మాట మాకూ ఉంది. ఇల్లు విడిచి వెళ్లేవాళ్లతో అంటాం. ఇది ఇల్లా? చల్ గసెయో అను. బాగా వెళ్లండి అని, అంతే."

అంతే అన్నాడు గానీ, ఆ మాట పలకడానికి నాకు నోరు రాలేదు.

ఆయన వంతు వచ్చింది. స్ట్రెచర్ ఒక కొస నేనే పట్టాను. ఓడ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆగాడు. ఏ మాట కోసమో నాకు తెలుసు. చావుబతుకుల్లో ఉన్న మనిషిని మా వాడలో ఎవరూ వెళ్లమనరు. అయినా అన్నాను. "చల్ గసెయో." శిష్యుడు పాఠం సరిగ్గా అప్పజెప్పాడన్నట్టు తలూపాడు.

ఓడ రేవు దాటకముందే ప్రాణం పోయింది. అదే స్ట్రెచర్ మీద తిరిగి మా దగ్గరికే దించారు. రాకూడదనుకున్న చోటికే వచ్చాడు. అక్కడి మట్టిలోనే పూడ్చాం.

నేను వరంగల్ వచ్చిన రోజు అమ్మ తెగ సంబరపడింది. "పోయొస్త అన్నవు, వచ్చినవు. చూసినవా బిడ్డా, ఆ మాట మహిమ" అంది.

చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.