ఇషాపూర్ చెక్క

తేజేశ్వర్ ఆ తుపాకీని పక్కింటివాళ్ళ గరాజ్ సేల్‌లో కొన్నాడు. మే నెల, శనివారం ఉదయం. పాత కుర్చీలకీ గడ్డి కోసే మిషనుకీ మధ్య గోడకు ఆనించి ఉంది. వంగి చూశాడు. ఇనుప పట్టీ మీద ఇషాపూర్ అని, బెంగాల్లోని తుపాకుల ఫ్యాక్టరీ పేరు, చెక్కి ఉంది.

"ఇది ఇండియాది," అన్నాడు.

"నువ్వూ అంతేగా," అన్నాడు హెరాల్డ్. ఎనభై దాటినవాడు, మోకాళ్ళు పట్టేసి వేట మానేసినవాడు. "కాకపోతే నీకన్నా ముందొచ్చింది. నలభై ఏళ్ళయింది."

ఒహాయోలో ఇరుగుపొరుగు మధ్య ఇలాంటి అమ్మకానికి కాగితం అక్కర్లేదు. హెరాల్డ్ దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. రెండిళ్ళ మధ్య పచ్చిక మీదుగా తేజేశ్వర్ భుజాన వేసుకుని నడిచాడు. నలభై అడుగులు కూడా ఉండవు.

తేజేశ్వర్ తండ్రి పరంధామయ్య నెల్లూరులో ఏ.ఆర్. కానిస్టేబుల్. ఇలాంటి త్రీనాట్‌త్రీ తుపాకీనే ముప్ఫై ఏళ్ళు మోశాడు. దసరాకి ఆయుధాగారంలో తుపాకులన్నీ వరుసగా పెట్టి బొట్లు పెట్టేవాళ్ళు. పిల్లలకి గుగ్గిళ్ళు పంచేవాళ్ళు. పండక్కి ముందు వారమంతా పరంధామయ్య తన తుపాకీ చెక్కకి అవిసె నూనె రుద్దేవాడు. గుడ్డతో కాదు, అరచేత్తో, చెక్క వేడెక్కేదాకా. కొడుకు దగ్గరికి వస్తే ఒకే మాట.

"చూడు. ముట్టుకోకు. గవర్నమెంటుది."

తండ్రి పోయి ఆరేళ్ళయింది. తేజేశ్వర్ తుపాకీలోకి ఒక్క తూటా కూడా కొనలేదు. అతనికి కావలసింది చెక్క.

దాని మీద హెరాల్డ్ ఎప్పుడో వేసిన వార్నిష్ మందంగా, సీసాలా మెరుస్తోంది. గీకడానికే రెండు నెలలు పట్టింది. తర్వాత ఉప్పు కాగితం, గరుకు నుంచి నునుపుకి. తర్వాత తడిగుడ్డ, లేచిన పీచు మీద మళ్ళీ కాగితం. ఆగస్టులో మొదటి పూత నూనె. చెక్క తాగేసింది. రెండోదీ తాగేసింది. ఏడో పూతకి లోపలి ఎరుపు పైకొచ్చింది.

"చపాతీలు వత్తమంటే భుజం నొప్పి," అంది భార్య విజయశ్రీ, గరాజ్ తలుపు దగ్గర నిలబడి. "దీనికి మాత్రం లేదు."

"రోజూ రుద్దాలి. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత నెలకోసారి."

"ఎన్నాళ్ళు?"

"మనం ఉన్నన్నాళ్ళు."

"గ్రీన్‌కార్డు కన్నా నయం. దీనికి లెక్కన్నా ఉంది."

అతను ఆ వరుసలో నిలబడి పదకొండేళ్ళు. ఎవరి వంతు వచ్చిందో చెప్పే కొత్త తేదీలు ప్రతి నెలా వస్తాయి. అతని తేదీ రాదు.

దసరానాడు విజయశ్రీ కారుకి బొట్టు పెట్టింది. రెండు లాప్‌టాప్‌లకి పెట్టింది. ఆయుధ పూజ కదా అని తుపాకీకీ పెట్టి, అతని చేతికిచ్చి ఫొటో తీసి, తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ పెట్టేవే. ఒకాయన ఎయిర్ ఫ్రయర్‌కి పసుపు రాశాడు. తుపాకీ ఫొటో కింద జోకులు మొదలయ్యాయి. అప్రైజల్‌కి తీసుకెళ్ళు అని ఒకరు. మీ మేనేజర్ జాగ్రత్త అని ఒకరు.

పది నిమిషాలకి శ్రేయాస్ ఫోన్ చేశాడు. వరంగల్‌వాడు, ఆఫీసులో పక్క సీటు.

"అన్నా, ఆ ఫొటో డిలీట్ కొట్టు ముందు."

"ఏమైంది?"

"నువ్ ఇంకా హెచ్‌వన్ మీదనే ఉన్నవ్ కదా. వీసా మీద ఉన్నోళ్ళు గన్ పెట్టుకోవద్దు. ఫెడరల్ లా అది. వేట లైసెన్స్ ఉంటే ఓకే అంట. నీకుందా?"

"నేను కోడిగుడ్డు కూడా తినను కదరా."

"అందుకే చెప్తున్న. తీసెయ్."

ఫొటో తీసేశారు. అప్పటికి నూట నలభై మంది చూశారు.

సోమవారం లాయరు ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడింది. ఇవాళే ఇంట్లోంచి పంపించెయ్యండి. మీరు మోయకండి, ముట్టుకోకండి. అమ్మినాయన వచ్చి తీసుకెళ్ళాలి. రేపు గ్రీన్‌కార్డు ఫారంలో ఆయుధాల గురించి అడిగితే నిజమే చెప్పాలి.

"ఇప్పుడు లైసెన్స్ తీసుకుంటే?"

"లైసెన్స్ లేకుండా ఉంచుకున్న ఈ ఐదు నెలలు చెరిగిపోవు."

"చెబితే ఏమవుతుంది?"

"చెప్పలేను. మీ తేదీ వచ్చినప్పుడు చూద్దాం."

తేదీ రావాలని పదకొండేళ్ళు ఎదురుచూశాడు. ఫోన్ పెట్టేశాక, అది రాకపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఆ మాట విజయశ్రీకి చెప్పలేదు.

హెరాల్డ్ చెప్పుల్లోనే వచ్చాడు. విషయమంతా విని తల ఊపాడు. "నాకు తెలిస్తే అమ్మేవాణ్ణే కాదు," అన్నాడు. తుపాకీ మీద బొట్టు ఇంకా ఉంది. తుడవడానికి చెయ్యి చాచి, తేజేశ్వర్ ఆగిపోయాడు. ముసలాయన పచ్చిక మీద కుంటుతూ, మధ్యలో ఒకసారి నిలబడి ఊపిరి తీసుకుంటూ దాన్ని మోసుకెళ్ళాడు. తేజేశ్వర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నెలకోసారి నూనె రాయండి," అన్నాడు వెనక నుంచి. "అరచేత్తో."

నవంబరు మొదటి ఆదివారం హెరాల్డ్ పచ్చిక అంచుకి పిలిచాడు. గరాజ్ ముందు బల్ల మీద తుపాకీ పడుకుని ఉంది. పక్కన కొత్త వార్నిష్ డబ్బా, బ్రష్.

"నూనె రాద్దామనే చూశాను. ఈ వేళ్ళు తెరుచుకోవడం లేదు," అంటూ చెయ్యి చూపించాడు. కణుపులు వాచి, వేళ్ళు లోపలికి మడుచుకుని ఉన్నాయి. "బ్రష్ అయితే పట్టుకోగలను. నీ కష్టం పాడవకూడదుగా."

వార్నిష్ చెక్క వెనక చివర నుంచి ముందుకి పాకింది. చెక్క ఎరుపు మళ్ళీ ఆ సీసా మెరుపు వెనక్కి వెళ్ళిపోయింది.

"రా, చెయ్యి పెట్టి చూడు. ఈ చివర ఇంకా తడి లేదు."

తేజేశ్వర్ చేతులు జాకెట్ జేబుల్లో ఉన్నాయి. గోళ్ళ సందుల్లో అవిసె నూనె వాసన ఇంకా పోలేదు.

"ఇక్కణ్ణించి కనిపిస్తోంది," అన్నాడు.

హెరాల్డ్ బ్రష్ డబ్బాలో ముంచాడు.

"రెండో పూత వెయ్యనా?"

"వెయ్యండి," అన్నాడు తేజేశ్వర్.