మామయ్య సూపూ, మాట వినని గాలీ

మా అమ్మకు అన్న అయిన మామయ్య, నాన్న తెరచాప పడవలో వంటమనిషి. నాన్నది చుక్కాని, నాది తెరచాప తాళ్లు, మామయ్యది పొయ్యి. నడిసముద్రంలో మా ముగ్గురినీ గాలి ముప్పుతిప్పలు పెట్టింది. పెద్ద తెరచాప ఎత్తితే చచ్చినట్టు పడుకునేది. చేతులు బొబ్బలెక్కేలా లాగి దించేస్తే విసురుగా వచ్చేది. పోనీ, ఒక దిక్కు నుంచైనా వచ్చి ఏడ్చేదా అంటే అదీ లేదు.

అందరికన్నా మామయ్యే ఎక్కువ వేగిపోయాడు. సూపు పొయ్యి మీద పెట్టి మూత తీశాడంటే చాలు, ఎక్కడో కాచుక్కూర్చున్నట్టు గాలి తిరిగేది, పడవ ఒరిగేది, సూపంతా నేలపాలయ్యేది.

"దీనికేం పోయేకాలం! నా గిన్నె తప్ప ఇంకేం కనబడదా?" అని తిట్టిపోస్తూ మామయ్య నేల తుడిచేవాడు. మేం ఎండు రొట్టె నమిలి పడుకునేవాళ్లం. నాన్నకు మాత్రం ఒకటే నవ్వు.

ఆ తర్వాత గాలి పత్తా లేకుండా పోయింది. రోజుల తరబడి తెరచాప తడిబట్టలా వేలాడింది. ఒక మధ్యాహ్నం నాన్న వంటగది గుమ్మంలో నిలబడి నసిగాడు.

"బావా, కాస్త సూపు పెట్టకూడదూ?"

"ఆకలేస్తోందా?"

నాన్న తెరచాప వైపు చూశాడు.

"ఓహో, గాలి కోసమా!"

మామయ్య పళ్లు నూరుతూనే గిన్నె నిండా పెట్టి మూత తీశాడు. గాలి ఊసే లేదు. సూపు నిక్షేపంగా ఉడికింది. బయల్దేరాక మొదటిసారి కడుపారా తాగడానికి కూర్చున్నాం.

నాన్న రెండు చెంచాలు మింగి, "ఉప్పెక్కువైంది బావా," అన్నాడు.

మామయ్య గరిటెతో బల్ల మీద కొట్టాడు. "ఆ గాలి ఎన్నిసార్లు ఒలకబోసింది! నీలా ఒక్కసారన్నా వంక పెట్టిందా?"